దుప్పటికి అవతలి కొస

దుప్పట్ల గది,
మధ్యాహ్నం టీ అయ్యాక

వదినకి,

ముందు నువ్వెలా ఉన్నావో రాయి. దగ్గు తగ్గిందా? తగ్గిందని ఊరికే రాయకు, నిజం రాయి. మీ చెల్లెలి మోకాలు ఎలా ఉంది? కుట్లు ఆరాయా? కర్ర పట్టుకుని నడుస్తోందా, గోడ పట్టుకుని నడుస్తోందా? గోడ పట్టుకుంటే చెయ్యి జారుతుంది, కర్రే మేలని చెప్పు. వాళ్ళ పిల్లి ఈనిందా? మేడ మీద అద్దెకుంటున్న పెద్దాయనకి కంటి ఆపరేషన్ అన్నావు, చూపు వచ్చిందా? ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు గాని, అయినా పాపం.

ఇక్కడ మా అబ్బాయి బాగున్నాడు. కోడలు బాగానే ఉంది గాని ఆస్పత్రిలో డ్యూటీలు ఎక్కువై కళ్ళు లోపలికి పోయాయి. నాకు మామూలే. బీపీ ఉంది, కాళ్ళనొప్పులు ఉన్నాయి, నేను ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. చదివి వినిపిస్తానని కోడలు అంటే వద్దని నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. ఈత నేర్చుకుంటున్నానని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఈతే. నీకు బుద్ధుందా వదినా? మనవల వయసు పిల్లలు కేరింతలు కొట్టే నీళ్ళలో నువ్వు దిగడమేమిటి? చెవిలోకి నీళ్ళు పోతే? కాలు పట్టేస్తే? అసలు ఆ నీళ్ళలోకి ఏం వేసుకుని దిగుతున్నావు? అది మాత్రం రాయలేదు నువ్వు. నువ్వు రాసినవాటికంటే రాయనివాటికే నాకు భయం.

సరే, ఇక్కడి సంగతి. నువ్వు వెళ్ళాక నాలుగు రోజులు నేనొక్కదాన్నే తంటాలు పడ్డాను. తరవాత లాడ్జి మేనేజరు నీ చోట ఒకాయన్ని పెట్టాడు. కంగారుపడకు, నువ్వొచ్చేదాకానే. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడట. ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చానంటాడు. మనిషి నిలువెత్తు నిచ్చెన. దుప్పటికి అవతలి కొస ఆయన పట్టుకుంటే ఇవతల నా కొస గాల్లోకి లేస్తోంది.

ఒకటి చెప్తాను, నవ్వకు. మొదటి రోజు ఇద్దరం దుప్పటి దులిపాం, సాగదీశాం, సగానికి వేశాం. తరవాత నేను నిలబడ్డాను. ఆయనా నిలబడ్డాడు. నేను ఆయన్ని చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు. "అక్కయ్యగారూ, ఏమైనా మర్చిపోయామా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ముప్పై ఏళ్ళుగా ఈ లాడ్జిలో దుప్పట్లు మడుస్తున్నాం కదా, నేనెప్పుడూ నడవలేదు వదినా. నీ కొస పట్టుకుని నువ్వే నా దగ్గరికి నడిచొచ్చేదానివి. నేను నిలబడి అందుకునేదాన్ని. వాళ్ళింట్లో కూడా ఆయన భార్యే నడిచొచ్చేదట. ఇద్దరమూ నిలబడేవాళ్ళమే దొరికాం!

ఇప్పుడు ఆయనే నడుస్తున్నాడులే. కాకపోతే కదిలేముందు "రైట్ రైట్" అంటాడు. దగ్గరికొచ్చాక "హోల్డాన్" అంటాడు. రోజంతా ఇదే. నాకు బస్సులో నిలబడ్డట్టే ఉంది.

నీ సెలవు చలి మొదలయ్యేదాకా కదా. అప్పటికి వచ్చేస్తావుగా? రోజూ గుమ్మం వైపు చూస్తున్నాను. ఫోను చేద్దామంటే మనిద్దరం ఒకేసారి మాట్లాడేస్తాం, ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు. అందుకే ఉత్తరమే రాయి. పెద్దది రాయి.

నువ్వు పేరు పెట్టిన
గుబులమ్మ


చెల్లెలింటి మేడమెట్ల మీద నుంచి,
ఎండ బాగుంది

గుబులమ్మ వదినకి,

దగ్గు లేదు. కుట్లు ఆరాయి. కర్రే. పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. పెద్దాయనకి చూపొచ్చింది, వచ్చిన మర్నాడే మా పెరట్లో ఆరేసిన బట్టలు సరిగ్గా పిండలేదని చెప్పాడు. అన్నిటికీ జవాబు అయిపోయిందా? ఇంక ఊపిరి పీల్చుకో.

ఈత గురించి. మునిగాను, లేచాను. అంతే వదినా. మొదటిసారి ముక్కులోకి నీళ్ళు పోయి ఏడుపొచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. వేసుకునేది మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా ఉండే నల్ల బట్ట. అందులో నన్ను చూసి మా చెల్లెలు తూనీగలా ఉన్నావంది. ఇప్పుడు ఈత నేర్పే పిల్ల కూడా "తూనీగ ఆంటీ" అనే పిలుస్తోంది. నాకు పేరు పెట్టడానికి నువ్వు ముప్పై ఏళ్ళు ఆలోచించావు, వీళ్ళకి ఒక్క పూట పట్టింది.

ఇంకా విను. మూడు చక్రాల సైకిలు తొక్కుతున్నాను, వెనక బుట్ట ఉంటుంది. బజారుకి ఒక దారిన వెళ్ళి ఇంకో దారిన వస్తున్నాను. అదే దారిన మళ్ళీ రావాలంటే నాకు కాళ్ళు లాగుతాయని నీకు తెలుసుగా. సాయంత్రాలు పక్క వీధిలో మట్టికుండలు చేయడం నేర్పుతున్నారు. నేను చేసిన కుండ చూసి ఇది కాలి చెప్పా అని అడిగారు. వచ్చే వారం మళ్ళీ చేస్తాను, ఈసారి టోపీ అంటారేమో.

కండక్టరుకి నేను అడిగానని చెప్పు. "రైట్ రైట్" చదివి మెట్ల మీద ఒక్కదాన్నే నవ్వుకుంటే పెద్దాయన పైనుంచి తొంగి చూశాడు.

నిన్న నేనూ చెల్లెలూ దుప్పట్లు మడిచాం. దాని కాలు కదలదు కదా, అది నిలబడింది, నేను నడిచాను. పాత అలవాటేగా, ఒక్క అంచు తప్పలేదు. ఇంత వంకర లేకుండా ఎలా మడుస్తావే అని దానికి ఒకటే ఆశ్చర్యం.

కిటికీ పక్కన ఉన్న నా ముక్కాలిపీట మీద మాత్రం ఆయన్ని కూర్చోనివ్వకు. విరుగుతుంది.

చెల్లెలు ఏదో అంటోంది. తీరిగ్గా రాస్తాను.

తూనీగ


దుప్పట్ల గది

వదినకి,

నీకూ మీ చెల్లెలికీ పెద్దాయనకీ పిల్లితల్లికీ పిల్లలకీ అందరికీ బాగుందని తలుస్తాను. మా అబ్బాయికి జలుబు. కోడలికి సెలవు దొరికింది, పడుకుని లేవలేదు. లేవకపోతే నాకు కంగారై రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. రెండోసారి లేచి తిట్టింది.

చెల్లెలు ఏదో అంటోందని రాసి ఊరుకున్నావు. ఏమంటోంది? ఇంకో కాలు కూడా నొప్పంటోందా? పిల్లి పిల్లల్ని నన్ను పెంచుకోమంటోందా? నీతో గొడవ పడుతోందా? నా బుర్ర ఎన్ని దారులు తిరిగిందో నీకేం తెలుసు. దిండు గలీబులు తొడుగుతూ ఒకదానికి రెండు దిళ్ళు తోశాను.

మీ ఇద్దరికీ దుప్పట్లు బాగా కుదిరాయన్నమాట. సంతోషం. ఆవిడ నిలబడింది, నువ్వు నడిచావు. ఒక్క అంచు తప్పలేదు. సరే.

నేనొకటి ఆలోచించాను. నీకు కొత్తంటే ప్రాణం. ఇక్కడేముంది? అదే గది, అదే కిటికీ, అదే టీ, కుళాయి కట్టావా అని రోజూ అడిగే నేను. విసుగెత్తదా మరి? అందుకని మేనేజరు రంగులు వేయిస్తానంటే మన గదికి కూడా వేయించాను. పసుపు. మొదటి రోజు కళ్ళు చెదిరి తలనొప్పి వచ్చింది, ఇప్పుడు ఫరవాలేదు. మడతబల్ల కిటికీ దగ్గర్నుంచి తీయించి అవతలి గోడకి వేయించాను. కండక్టరు రేడియో తెచ్చాడు, వార్తలు వింటూ మడుస్తున్నాం. యుద్ధం గురించి చెప్పినప్పుడు మాత్రం నేను తగ్గించమంటాను. పాలటీ మానేసి నిమ్మకాయ టీ తాగుతున్నాను. కడుపులో మంటగా ఉంది, అలవాటవుతుందట. మొన్న కోడలితో వెళ్ళి కోను ఐస్‌క్రీమ్ కూడా తిన్నాను. కింద నుంచి కారుతుందని ఎవరూ చెప్పలేదు.

ముక్కాలిపీట పాతదైపోయిందని వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. దాని చోట ప్లాస్టిక్ కుర్చీ వేయించాను, నీలం రంగుది.

నువ్వొచ్చేసరికి ఇది వేరే గదిలా ఉంటుంది. కొత్త కోసం అంత దూరం పోనక్కర్లేదు. ఎప్పుడొస్తున్నావో రాయి.

గుబులమ్మ


చెల్లెలింటి వంటగది,
స్టవ్ మీద పాలు పెట్టి

వదినా,

నా పీట వాచ్‌మన్‌కి ఇచ్చావా! అడిగి ఇచ్చావా నన్ను? వెళ్ళి తెచ్చుకో. ఆయన దాని మీద కాళ్ళు పెట్టుకుంటున్నాడని నాకు తెలుసు, ఆ మనిషి సంగతి నాకు తెలియదా. బల్లని కిటికీ దగ్గర్నుంచి ఎవరు తీయమన్నారు? మధ్యాహ్నం ఎండ పడేది ఆ బల్ల మీదే కదా. వెచ్చబడిన దుప్పటి మీద చెయ్యి వేసుకుని ఒక్క నిమిషం ఊరుకునేవాళ్ళం కదా. నిమ్మకాయ టీ మానెయ్, నీకు పడదు.

నీ ఉత్తరం చదివి ఎందుకింత కోపమొచ్చిందా అని నాకే ఆశ్చర్యమేసింది. నేనేమో రోజుకో వేషం వేస్తాను, నిన్ను మాత్రం పీట జరపొద్దంటాను. ఇదేం న్యాయం? న్యాయం కాదు. అయినా విను. ఆ ఈతకొలను గట్టున నిలబడి కింద నీళ్ళు చూస్తే నాకూ భయమే వదినా. పైకి చెప్పను. అప్పుడు మన గది తలుచుకుంటాను. ఇస్త్రీ ఆవిరి, పెచ్చులూడిన ఆ మూల, నువ్వు కిటికీలోంచి మబ్బు చూసి "ఆరేసినవి తెద్దామా" అనడం. అది అక్కడ అలాగే ఉందిలే అనుకుని దూకుతాను. ఇప్పుడు పసుపు రంగు గదీ నీలం కుర్చీ తలుచుకుని ఎలా దూకమంటావు?

నీది విసుగెత్తే ముఖం కాదు. నీతో ముప్పై ఏళ్ళుండి ఒక్కసారి కూడా నాకు విసుగు పుట్టలేదు. నీకు రోజుకో కొత్త భయం పుట్టేది, అదే చాలు నాకు.

ఇప్పుడు అసలు సంగతి. చెల్లెలు నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటోంది. రెండో మోకాలు కూడా కోయాలన్నాడు డాక్టరు. దానికి నేను తప్ప ఎవరున్నారు? సరే అన్నాను. నీకు రాయకముందే అనేశాను. ఆ మాట నీకు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ కుండ గురించో సైకిలు గురించో రాసి లేచిపోయాను.

ఇక్కడ నాకు బాగుంది, అదీ నిజమే. దాచను. నీకు నేను రాసిన సరదాలేవీ అబద్ధం కాదు.

పాలు పొంగాయి. తరవాత తుడుచుకుంటాలే. కోపమొస్తే తిట్టు.

తూనీగ


దుప్పట్ల గది

వదినగారికి,

ఎవరి ఆరోగ్యమూ అడగడం లేదు. అందరూ బాగానే ఉండి ఉంటారు.

మీరు ఇక రారని తెలిసింది. నేనూ ఒకటి రాయలేదు. చలి మొదలయ్యేలోపు మీరు రాకపోతే కండక్టరుకే ఆ పని ఖాయం చేస్తానని మేనేజరు ఎప్పుడో చెప్పాడు. మీ సరదా పాడుచేయడమెందుకని రాయలేదు. ఇవాళ నేనే వెళ్ళి ఖాయం చేసుకోమని చెప్పి వచ్చాను.

బల్ల అవతలి గోడకే ఉంటుంది. పీట వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. నేను పనిచేసే గది ఎలా ఉండాలో నేను చూసుకుంటాను.

ఉంటాను.


చెల్లెలిల్లు,
వీధి గేటు దగ్గర

వదినా,

"వదినగారికి" అని రాశావు. "మీరు" అన్నావు. ముప్పై ఏళ్ళలో నువ్వు నన్ను గాడిదన్నావు, దున్నపోతన్నావు, ఒకసారి మేనేజరు ముందే ఇస్త్రీపెట్టె విసిరేస్తానన్నావు. ఇంత మాట ఎప్పుడూ అనలేదు. ఆ "గారు" మీద వేలు పెట్టి మూసి మళ్ళీ చదివాను.

దానికి నేను రాసిన జవాబుకి నీ జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను, దానికీ రాలేదు. ఇది మూడోది. నీ బీపీ ఎంతుంది? మందు వేసుకుంటున్నావా? కోడలి కళ్ళు ఎలా ఉన్నాయి? అబ్బాయికి జలుబు తగ్గిందా, గుండెల్లోకి దిగిందా? కండక్టరుకి ఒంట్లో ఎలా ఉంది? ఆయనెవరో నేను చూడలేదు, అయినా అడుగుతున్నాను. మెట్ల మీద ఏమైనా జారిపడ్డావా? పడి, నాకు చెప్పొద్దని ఇంట్లోవాళ్ళతో అన్నావా? పోస్టతను వచ్చే వేళకి రోజూ గేటు దగ్గర నిలబడుతున్నాను. ఆయన నన్ను చూసి సందు మార్చేశాడు. ఈతకి పోవడం లేదు. చెల్లెలు అడిగితే జలుబన్నాను.

నీ గుబులు నాకు అంటుకుంది వదినా. ఇన్నేళ్ళు దీన్ని ఎలా మోశావే?

నేను వద్దామంటే చెల్లెల్ని వదిలి రాలేను. ఆపరేషన్ దగ్గరకొచ్చింది. నువ్వు రా. నువ్వు బస్సెక్కవని తెలుసు. అయినా రాస్తున్నాను. రా.

తూనీగ


దుప్పట్ల గది,
కిటికీ దగ్గర

ఒసే వదినా,

బతికే ఉన్నాను. బీపీ నూట యాభై, అది నాకు మామూలే. కోడలి కళ్ళు బయటికొచ్చాయి. అబ్బాయికి జలుబు గుండెల్లోకి దిగలేదు. మీ చెల్లెలికి ధైర్యం చెప్పు, రెండో మోకాలు మొదటిదాని కంటే తేలికట, కోడలు చెప్పింది. పెద్దాయనకీ పిల్లులకీ నేను అడిగినట్టు చెప్పు. నువ్వు ఈతకి వెళ్ళు. జలుబని అబద్ధాలాడితే నిజంగా వస్తుంది.

ఉత్తరాలన్నీ అందాయి. కావాలనే రాయలేదు. కోపం ఉంది. ఇప్పుడూ కొంచెం ఉంది, అది ఉంటుంది. నువ్వు రానందుకు కాదు. చెల్లెలికి అలా ఉంటే వదిలి వచ్చేదానివైతే నువ్వు నా వదినవే కాదు. నాకు చెప్పకుండా కుండల గురించి రాసినందుకు. నేను ఆ కుండ గురించి నిజంగానే ఆలోచించాను, అడుగు మందంగా పెట్టమని రాద్దామనుకున్నాను.

మొన్న కండక్టరుకి మడమ వాచింది. పనికి వచ్చాడు గాని అడుగు వేయలేడు. దుప్పటి సగానికి వేశాక అక్కడే నిలబడి, "ఇవాళ మీరు రావాలక్కయ్యగారూ," అన్నాడు. "నాకలవాటు లేదు తమ్ముడూ," అన్నాను. "అలవాటు చేసుకుందురుగాని. రైట్ రైట్!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దుప్పటి కింద పడేసి పోదామనుకున్నాను. ఉతికిన దుప్పటి కదా, పడేయలేక నడిచాను. మొదటిది వంకర వచ్చింది. రెండోది కాలికి తగులుకుంది. సాయంత్రానికి ఆయన "హోల్డాన్" అనేలోపే వెళ్ళి చేతిలో పెడుతున్నాను. "డ్రైవరు తొందరలో ఉన్నాడు," అని నవ్వాడు.

టీ తాగేటప్పుడు నీ సంగతి చెప్పాను. చెప్తూ చెప్తూ టీలో రెండోసారి పంచదార వేశాను. ఆయన చాలాసేపు రేడియో సరిచేస్తున్నట్టు నటించాడు. తరవాత, "నేను ఉద్యోగమంతా ఒక్క రూట్లోనే చేశానక్కయ్యగారూ. అవే స్టాపులు, అవే గుంతలు. మా తోటివాళ్ళు రూటు మార్పించుకొమ్మనేవాళ్ళు. నాకెప్పుడూ విసుగనిపించలేదు, ఎక్కేవాళ్ళు రోజూ కొత్తవాళ్ళే కదా," అన్నాడు.

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"ఎక్కమంటాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి, బస్సు!"

నేను బస్సెక్కి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. మా అబ్బాయి పెళ్ళికి ఎక్కాను, దిగాక కూడా రెండు రోజులు నేల ఊగింది. కిటికీ పక్కన కూర్చుంటే గాలి కొడుతుంది, ఇవతల కూర్చుంటే ఎవరో మీద పడతారు. దారిలో దిగితే బస్సు వెళ్ళిపోతుంది, దిగకపోతే నాకు ఆగదు. ఇవన్నీ ఆయనకి చెప్పాను. ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. డ్రైవరు వెనక సీటు అడగమన్నాడు, అక్కడ కుదుపు తక్కువట. ఆ బస్సు కండక్టరు తన దగ్గర పని నేర్చుకున్నవాడేనట, నేను కిందకి దిగితే తిరిగి ఎక్కేదాకా బస్సు కదలనివ్వడట. ఇంకేం వంక దొరకలేదు నాకు.

అప్పటికీ ఇంటికెళ్ళి కోడలు వద్దంటుందేమోనని ఆశగా అడిగాను. "వెళ్ళిరా అత్తయ్యా, నేను కాస్త నిద్రపోతాను," అంది.

నా షరతులు రాస్తున్నాను. నన్ను నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తే గట్టున కూర్చుంటాను, లోపలికి దిగమని ఒక్క మాట కూడా అనకూడదు. నీ సైకిలు వెనక బుట్టలో నేను కూర్చోను. పాలటీయే తాగుతాను, నాలుగింటికే తాగుతాను. రోజుకొక్క కొత్త సంగతి చూపించు, ఒక్కటే. రెండోది చూపిస్తే పడుకుంటాను. మిగిలిన పొద్దంతా ఏమీ చేయకుండా కూర్చుని మాట్లాడుకుందాం, నాకు అదే కావాలి.

బల్ల మళ్ళీ కిటికీ దగ్గరికి జరిపించాను, ఎండ కోసం. పసుపు రంగు మాత్రం ఉంచేశాను. నాకు నచ్చింది, ఏం చేయను. వాచ్‌మన్ నీ పీట కాలు నిజంగానే విరగ్గొట్టాడు. కండక్టరు మేకు కొట్టి ఇచ్చాడు. నీ దగ్గరికి తెచ్చేద్దామనుకున్నాను, వద్దులే, ఇక్కడే ఉండనీ. నువ్వు చూడ్డానికి వచ్చినప్పుడు కూర్చోవాలి కదా. ఆపరేషన్ అయి ఆవిడ నాలుగడుగులు వేశాక నువ్వు రావాలి. తరవాత మళ్ళీ నేను. ఇలా చేద్దామా? చేద్దాం. అడగడమేమిటి నేను.

మేనేజరు సెలవిచ్చేశాడు. వచ్చే నెల పన్నెండో తారీకు, శుక్రవారం, పొద్దుటి బస్సు. మధ్యాహ్నం భోజనాల వేళకి మీ ఊళ్ళో దిగుతాను. స్టాండులోనే ఉండు, ముందే వచ్చి నిలబడు, ఆకుపచ్చ చీరలో ఉంటాను. భయమేసి తారీకు మార్చమని మళ్ళీ ఉత్తరం రాస్తానేమో, రాసినా నువ్వు విప్పకు. పన్నెండు, శుక్రవారం.

నీ
వదిన